ఇప్పగింజల ఆటకు రూల్సు

ముప్పై ఏళ్లుగా బస్టాండులో కంట్రోలరుగా పనిచేస్తున్న నాకు రూల్సంటే భయం లేదు, కాస్త పిచ్చే ఉంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగాలో, సత్తుపల్లి బస్సు వెనక్కి తీయకముందు భద్రాచలం బస్సు ఎక్కడుండాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. చెప్పుల స్టాండు మీద కూడా టైంటేబుల్ అంటిస్తానని మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంది. అలాంటి నేను ఒక ఆటకు సరైన రూల్సు ఎంచుకోబోయి మొన్న వరసగా రెండు ఆదివారాలు బోల్తా పడ్డాను.

ఆటంటే బొమ్మ సిపాయిల పోరు. బొటనవేలంత బొమ్మలు, ఒక్కో వైపు పది మంది. రాజులు, ఏనుగులు, ఫిరంగులు ఉండవు. ఈ కాలపు తుపాకులు పట్టుకున్న చిన్న జట్లే. బల్ల మీద గోడలు, చెట్లు, ఇళ్లు పెట్టి, టేపుతో కొలుచుకుంటూ బొమ్మల్ని జరుపుతారు. దెబ్బ ఎవరికి తగిలిందో పాచికలు వేసి తేల్చుకుంటారు. పెద్దవాళ్లు, ఉద్యోగాలున్నవాళ్లు కూడా ఆడతారట. హైదరాబాదులో ప్లాస్టిక్ వస్తువులు ప్రింటు చేసే మిషను దగ్గర పనిచేసే మా అమ్మాయి ఇరవై బొమ్మలు తీసి డబ్బాలో పెట్టి పంపింది. "డాడీ, చిన్నప్పుడు గింజలతోటి ఆడినం అని చెప్తవ్ కదా. ఇగో, అసలుయి" అని ఫోన్ చేసింది.

డబ్బా విప్పగానే నాకు బావ గుర్తొచ్చాడు.

బావ మా మేనత్త కొడుకు, నాకన్నా రెండేళ్లు పెద్ద. పోలీసు ఉద్యోగం చేశాడు. అందులో చాలా ఏళ్లు అడవిలో తిరిగే పార్టీల్లోనే గడిచాయి. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. నిరుడు రిటైరై ఖమ్మంలో మా వీధి చివరే కిరాయికి దిగాడు. ఇక రోజూ కలుసుకోవచ్చని ఎంత సంబరపడ్డానో. కానీ వచ్చింది బావ కాదు, బావ చొక్కా వేసుకున్న ఎవరో మనిషి. పలకరిస్తే తల ఊపుతాడు. టీ ఇస్తే తాగుతాడు. అంతే. అక్క, అంటే బావ భార్య, ఒకరోజు మా గేటు దగ్గర నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటూ చెప్పింది.

"పొద్దంత టీవీ ముంగట కూసుంటడు తమ్మీ. సౌండు పెట్టడు. ఏమన్న అడిగితే అవ్ అంటడు, లేకపోతే లే అంటడు. ఇంట్ల నాకు మనిషి ఉన్నట్టే లేదు. నువ్వన్న ఒకసారి మాట్లాడిపియ్యి."

నేను మాట్లాడించాలనే చూశాను. బస్టాండు కబుర్లు చెప్పాను, ఎండల గురించి చెప్పాను, మిర్చి యార్డు ముందు ట్రాక్టర్లు ఆగిపోయి నా బస్సులన్నీ గంట ఆలస్యమైన సంగతి చెప్పాను. అన్నిటికీ అవ్ అన్నాడు. అందుకే ఆ బొమ్మల్ని చూడగానే నాకు పెద్ద ఆశ పుట్టింది. నా బావతో నేను సరిగ్గా మాట్లాడింది ఎప్పుడూ ఆటలోనే.

మా ఊరు పర్ణశాలకు పోయే దారి నుంచి లోపలికి ఉంటుంది. పది పదిహేను ఇళ్లు, వెనకే అడవి. మా ఇల్లూ, మేనత్త ఇల్లూ ఎదురెదురు. రెండిళ్లకూ పెద్ద దిక్కు మా నాయనమ్మ, బావకు అమ్మమ్మ. వానలు పట్టే ముందు ఇప్పకాయలు రాలతాయి. అడవిలోంచి వచ్చే ఆడవాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ ఆ గింజలు గంపలతో తెచ్చి మా వసారాలో పోసేవాళ్లు. నాయనమ్మ ఉప్పూ పప్పూ ఇచ్చి తీసుకునేది. వాటిని ఎండబెట్టి, కొన్నింటి పొట్టు తీసి, గానుగకు పంపించి నూనె ఆడించేది. ఆ నూనె వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అందరికీ నచ్చదు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే పదేళ్లు నిండవు.

ఆ గింజలే మా సిపాయిలు. పొట్టు తీయని గోధుమరంగు గింజలు ఒక వైపు, పొట్టు తీసిన తెల్లటి పలుకులు ఇంకో వైపు. గోదావరి ఒండ్రుమట్టి చిన్న ముద్ద చేసి అందులో గింజను నిలబెడితే మనిషి. వంతుకు ఒక్క జానెడు నడవాలి. చింతగింజల్ని బండ మీద రుద్ది ఒక పక్క తెల్లగా చేసి, నాలుగు గింజలు వేస్తే మూడు తెల్లవి పడితే దెబ్బ తగిలినట్టు. ఎదుటివాడు కనిపిస్తున్నాడా లేదా అని తగువొస్తే చెంప నేలకానించి, ఒక కన్ను మూసి, గింజ వెనక నుంచి చూడాలి. సాయంత్రానికి ఇద్దరి ఎడమ చెంపలకూ పేడ అలికిన నేల గీతలుండేవి. ఆ గీతలు చూసి మేనత్త "మల్ల యుద్ధం చేసిన్రా" అని వీపు మీద ఒకటిచ్చేది.

ఆ ఆటలో రెండు రూల్సు మాత్రం మేం పెట్టినవి కావు, నాయనమ్మ పెట్టినవి. మొదటిది, ఏ వైపుకూ పేరు పెట్టకూడదు. మా వసారాలో ఆగి నీళ్లు తాగినవాళ్లలో తుపాకులున్నవాళ్లు రెండు రకాలుగా ఉండేవాళ్లు. ఒక రకం పొద్దున వస్తే ఇంకో రకం సాయంత్రం వచ్చేది. నాయనమ్మ ఇద్దరికీ అదే చెంబుతో నీళ్లిచ్చేది, ఎవరినీ ఏమీ అడిగేది కాదు. మేం నోరు జారి ఏదో పేరు పెట్టామని తెలిస్తే చెవి మెలేసేది. అందుకని మా ఆటలో ఇటోళ్లు, అటోళ్లు, అంతే. 'చచ్చిండు' అనే మాట కూడా పలకకూడదు. పడ్డడు అనాలి.

రెండోది, పడ్డవాణ్ణి వాడి వైపువాళ్లు ఇద్దరు మోసుకుని గడప దాకా తేవాలి. మోసేటప్పుడు వాళ్లు కాల్చకూడదు, సగం జానే నడవాలి. దీనికి కారణం పెద్ద ధర్మం ఏమీ కాదు. ఆ గింజలు నాయనమ్మవి. లెక్కపెట్టి ఇచ్చేది, మట్టి కడిగి లెక్కపెట్టి తీసుకునేది. "ఆట అయినంక అందరు ఇంటికి రావాలె. ఒక్క గింజ తక్కువైనా బువ్వ లేదు" అనేది. నేనేమో ముందు గెలుద్దాం, ఆనక ఏరుకుందాం అనుకునేవాణ్ణి. బావ తనవాడు ఒకడు పడగానే ఆట వదిలేసి ఇద్దరిని పంపేవాడు. దాదాపు ప్రతిసారీ నేనే గెలిచేవాణ్ణి. గెలిచి, చీకటి పడకముందే గింజలు వెతుకుదామని దుమ్ములో పాకుతుంటే, బావ కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చుని నన్ను చూసి ఇగిలించేవాడు.

ఇదంతా తలుచుకుని బొమ్మలకు రంగులేశాను. పది మందికి ఆకుపచ్చ, పది మందికి మట్టి రంగు. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుని, ముక్కు నిండా రంగు పూసుకుని వారం రోజులు వేశాను. ఇక రూల్సు కావాలి. ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. చిన్నప్పటి రూల్సు చిన్నపిల్లలవి, రిటైరైన పోలీసుకు అసలు సిసలు రూల్సు కావాలి అనుకున్నాను. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పుస్తకాన్ని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి స్పైరల్ బైండింగు వేయించాను. ఎనభై పేజీలకు పైనే. ఏ తుపాకీ ఎంత దూరం పోతుందో, గోడ చాటున ఉంటే ఎంత తగ్గించాలో, భయపడ్డ సిపాయి ఏం చేస్తాడో, తగిలిన దెబ్బ చెయ్యా కాలా పొట్టా, అన్నిటికీ పట్టికలే. డిక్షనరీ పక్కన పెట్టుకుని డ్యూటీ లేని రోజుల్లో చదివాను. చదివేకొద్దీ నాకు గర్వం పెరిగింది.

మొదటి ఆదివారం పొద్దున బావను పిలిచి డైనింగు టేబుల్ మీద ఆకుపచ్చ దుప్పటి పరిచాను. మా ఆవిడ టిఫిన్లు వంటింట్లోనే పెట్టుకోమంది. బావ బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఎవలు వీళ్లు?" అన్నాడు.

పుస్తకంలో ఉన్న ఏదో దేశం పేరు చెప్పాను. అవ్ అన్నాడు. నేను అరగంట రూల్సు చెప్పాను. దానికీ అవ్ అన్నాడు. ఆట మొదలైన కాసేపటికి నా పాచిక బాగా పడి, ఆయన ఆకుపచ్చ బొమ్మ ఒకటి పడింది. పుస్తకం ప్రకారం పడ్డ బొమ్మను బల్ల మీంచి తీసెయ్యాలి. తీసి డబ్బాలో పడేశాను. తర్వాత ఎవరు భయపడాలో చూద్దామని తల దించుకుని పట్టిక వెతుకుతున్నాను. తల ఎత్తేసరికి బావ లేచి నిలబడి ఉన్నాడు.

"మోకాలు గుంజుతుంది. పోత."

"చాయ్ అయితుంది బావా."

"ఒద్దు."

వెళ్లిపోయాడు. ఆ రోజు బొమ్మలు సర్దుతుంటే పంతొమ్మిదే ఉన్నాయి. మంచం కింద వెతికాను, ఫ్రిజ్ కింద చీపురు పుల్ల పెట్టి తోశాను. మా ఆవిడ చీపురుకే పోయి ఉంటుందని అన్నాను. దాని మీద మా ఇద్దరికీ రెండు రోజులు మాటల్లేవు. చివరికి నేనే వెళ్లి సారీ చెప్పుకున్నాను.

బావ లేచిపోవడానికి కారణం నాకు తెలిసిపోయిందనుకున్నాను. రూల్సు కష్టమయ్యాయి. ఎనభై పేజీలు ఎవరు మాత్రం భరిస్తారు? మా అమ్మాయిని అడిగితే తేలికగా నేర్చుకునే రూల్సు వేరే ఉన్నాయని ఇంకొకటి పంపింది. ఇరవై పేజీలు, పట్టికలు తక్కువ. ఎవరి వంతో తేల్చడానికి పేకముక్క తీస్తే చాలు. దాన్ని ఇంకా తగ్గించి, దెబ్బ చెయ్యా కాలా అన్న గొడవ కొట్టేసి, రెండో ఆదివారం మళ్లీ పిలిచాను. రానంటాడేమో అని భయపడ్డాను. అక్క తోసి పంపించినట్టుంది, వచ్చాడు.

ఆ రోజు ఒక పది నిమిషాలు నా జన్మలో మరిచిపోలేను. గోడ చాటున ఉన్న నా బొమ్మ కనిపిస్తుందా లేదా అని అనుమానం వచ్చింది. నేను స్కేలు పెట్టి కొలవబోతుంటే బావ మెల్లగా వంగి, చెంప బల్లకు ఆనించి, ఒక కన్ను మూశాడు. నెరిసిన మీసం దుప్పటికి రాసుకుంటోంది. ఆ మూసిన కన్ను, ఆ నొసలు ముడి, అన్నీ పన్నెండేళ్ల బావవే.

"కొంచెం పక్కకు జరగాలెరా వీడు. మోచెయ్యి ఒక్కటే కనపడుతుంది" అన్నాడు.

'రా' అన్నాడు. రిటైరైనాక నన్ను మొదటిసారి 'రా' అన్నాడు. నాకు అక్కడే లేచి గంతేయాలనిపించింది. ఆ సంబరంలో పాచిక గట్టిగా వేశాను. ఆయన సిపాయి పడ్డాడు. నేను హుషారుగా తీసి డబ్బాలో వేశాను. టక్కుమంది. బావ మొహంలో దీపం ఆర్పినట్టయింది. లేచి చెప్పులేసుకున్నాడు.

నాకు కోపం వచ్చింది, దాచుకోవడం ఎందుకు? ఇంత కష్టపడితే ఓడిపోతున్నానని లేచిపోతాడా అనుకున్నాను. చిన్నప్పుడు అన్నిసార్లు ఓడి ఇగిలించినవాడికి ఇప్పుడెందుకింత రోషం అని మా ఆవిడతో అన్నాను. అన్న మాట నోట్లో ఉండగానే ఎక్కడో తేడాగా తోచింది గానీ, ఏమిటో అందలేదు. నా బుర్ర రూల్సు దగ్గరే తిరిగింది. ఇరవై పేజీలూ ఎక్కువే అని తేల్చుకున్నాను. మా అమ్మాయి ఈసారి నాలుగు కాగితాల రూల్సు పంపింది. జరుగు, చూడు, పాచిక వెయ్యి, పడితే తియ్యి. ఇంతకంటే తేలికైంది లోకంలో లేదట. దాన్ని నేను తెలుగులోకి మార్చి, బస్సు టైములు రాసే అట్ట వెనక పెద్ద అక్షరాలతో ఒకే పేజీలో రాశాను.

మూడో ఆదివారం నేనే వెళ్లి బావను తీసుకొచ్చాను.  బల్ల ముందు కూర్చుని అట్ట మీది రూల్సు చదివాడు. చదివి, మట్టి రంగు బొమ్మల్ని చూపించి మళ్లీ అడిగాడు.

"ఎవలు వీళ్లు?"

ఈసారి నా దగ్గర దేశం పేరు లేదు. నాలుగు కాగితాల రూల్సులో దేశాలే లేవు. నోటికొచ్చింది చెప్పాను. "అటోళ్లు."

బావ ముక్కులోంచి చిన్నగా నవ్వాడు. "చింతగింజలున్నయా?"

మా ఆవిడను అడిగితే గింజ తీసిన చింతపండే కొంటున్నామని చెప్పింది. పాచికలతోనే మొదలుపెట్టాం. ఇటోళ్లు, అటోళ్లు నాలుగు వంతులు జరిగారు. అయిదో వంతులో బావ బొమ్మ ఒకటి రెండు ఇళ్ల మధ్య పడింది. నా చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది. బావ తన అరచెయ్యి బొమ్మ మీద మూశాడు.

"తియ్యకు."

"పడ్డోన్ని తియ్యాలె బావా. రూలు."

"తీసి యాడ పెడ్తవ్?"

"డబ్బాల."

"డబ్బా వాని ఇల్లా?"

 బావ చెయ్యి తీయలేదు. ఇంకో చేత్తో గోడ చాటున భద్రంగా ఉన్న తన ఇద్దరు సిపాయిల్ని బయటికి తెచ్చాడు. టేపు ముట్టలేదు. జాన పెట్టి, అందులో సగానికి వేలు మడిచి కొలిచి, పడ్డ బొమ్మ దాకా నడిపించాడు.

"నీ అట్టల లేదు గాని, అమ్మమ్మ రూల్ల ఉంది" అన్నాడు. ఆ తర్వాత బొమ్మల్ని చూస్తూనే, ఎవరికి చెప్తున్నాడో తెలియనట్టు మాట్లాడాడు.

"నన్ను గిట్లనే ఇద్దరు మోసిన్రు. వాన. గుట్ట దిగుడు. మోకాలి కింద ఏం లేదనుకున్న. ఇడిసిపెట్టి పోన్రిరా అన్న. ఇనలే. రోడ్డుకొచ్చేదాక మోసిన్రు, దవాఖాన్ల పండుకోబెట్టి పోయిన్రు." మోకాలు తడుముకున్నాడు. "మల్ల ఏడు ఆ ఇద్దర్ల ఒకడు పడ్డడు. నేను ఆఫీసుల కూసోని రాతపని చేస్తున్న. మోయనీకి నేను లేను."

'పడ్డడు' అన్నాడు. అరవై దాటాక కూడా నాయనమ్మ వద్దన్న మాట అనలేదు.  రెండు ఆదివారాలు ఆయన కళ్ల ముందు ఏం చేశానో అప్పుడు అర్థమైంది. కష్టమైన రూల్సు చూసి లేచిపోయాడనుకున్న నా తెలివికి నేనే సిగ్గుపడ్డాను. తేలిక చెయ్యాలని నేను కొట్టేసిన పేజీల్లో ఎక్కడా ఆ రూలు లేదు, ఉంచిన పేజీల్లోనూ లేదు.

ఇప్పుడు వంతు నాది. మోస్తున్న ఇద్దరూ నా తుపాకుల ముందు ఆరుబయట ఉన్నారు. నేను పాచికలు బల్ల మీద పెట్టేశాను.

"నా వంతు ఇడిసిపెడుతున్న."

"అట్టల ఉందా ఇడిసిపెట్టుడు?"

"ఇప్పుడు రాస్తున్న" అని పెన్ను తీసి రాశాను. అక్షరాలు వంకర పోయాయి. బావ కళ్లజోడు సర్దుకుని చదివి, "రూల్సు సారు మారిండు" అని ఎకసెక్కం చేశాడు.

సగం జాన, సగం జాన చొప్పున ఆ ముగ్గురూ బల్ల అంచుకు వచ్చేసరికి పన్నెండైంది. ఆ మధ్యలో మాటలు వాటంతటవే వచ్చాయి. నాయనమ్మ చెవి మెలేసిన రోజు, గింజను కుక్కపిల్ల మింగితే దాని వెంట ఇద్దరం సాయంత్రం దాకా తిరిగిన రోజు, ఒండ్రుమట్టి కోసం వెళ్లి బావ చెప్పు గోదావరిలో పోగొట్టుకున్న రోజు. చెప్పింది ఎక్కువగా ఆయనే. నేనే అవ్ అంటూ కూర్చున్నాను. ఆటలో ఎప్పటిలాగే నేనే గెలిచాను. ఇద్దరం దాన్ని పట్టించుకోలేదు.

"లెక్కపెట్టు" అన్నాడు బావ, బొమ్మలన్నీ నా ముందుకు జరిపి.

"పంతొమ్మిది. ఒకడు ఫస్టు ఆదివారమే పోయిండు బావా. ఇల్లంత దేవులాడినం."

బావ చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. చేతిగుడ్డ మడత విప్పి ఆకుపచ్చ బొమ్మను తీశాడు. మొదటి రోజు నేను డబ్బాలో పడేసినవాడే. వాడి తుపాకీ మీద రంగు కాస్త పోయింది.

"నువ్వు పుస్తకంల తలపెట్టి చూస్తున్నవ్. డబ్బాల ఇడిసిపోబుద్ధి కాలే. ఇంటికి తీసుకపోయిన" అన్నాడు. బొమ్మను మిగతావాళ్ల పక్కన నిలబెట్టి, వేలితో ఒక్కొక్కణ్ణీ తాకుతూ చివరిదాకా లెక్కపెట్టాడు. "ఇరవై."

అన్నం పెట్టమని మా ఆవిడను పిలుద్దామని నోరు తెరిచాను. అంతలోనే ఏడాదిగా అవ్, లే తప్ప మాట లేని బావే వంటింటి వైపు తిరిగి గట్టిగా పిలిచాడు.

"చెల్లే, బువ్వ పెట్టు. అందరం ఇంటికొచ్చినం."